రాజముద్ర ఉంటే ప్రభుత్వ పత్రమేనా? అపోహలు – వాస్తవాలు

లెటర్‌హెడ్లు, గుర్తింపు కార్డులు, రబ్బరు స్టాంపుల డిజైన్ నా వృత్తి. ఈ మధ్య నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది ఫోనులో ఒక కాగితం చూపించి, దాని మీది మూడు సింహాల గుర్తు అసలుదో నకిలీదో చెప్పమంటున్నారు.

అపోహ: సింహాల గుర్తు సరిగ్గా ఉంటే ఆ కాగితం ప్రభుత్వానిదే.

వాస్తవం: కానే కాదు. విశ్రాంత ఉపాధ్యాయులొకరు వాట్సాప్‌లో వచ్చిన ‘అరెస్టు వారెంటు’ పట్టుకుని, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా నా దగ్గరికి వచ్చారు. బొమ్మను పెద్దది చేసి చూస్తే, చూసేవారికి చక్రానికి కుడివైపున ఉండవలసిన ఎద్దు ఎడమకు, ఎడమన ఉండవలసిన గుర్రం కుడికి మారి ఉన్నాయి. కింద దేవనాగరి లిపిలో ఉండవలసిన ‘సత్యమేవ జయతే’ అసలే లేదు. అయినా నేను ఆయనకు ఆ తప్పులను రుజువుగా చూపలేదు. ఎందుకంటే తప్పులేని బొమ్మను ఇంటర్నెట్ నుంచి దించుకుని అతికించడం ఎవరికైనా క్షణాల పని. ఫోనులోనే అరెస్టు చేశామని బెదిరించే ‘డిజిటల్ అరెస్ట్’ అనేది మన చట్టాల్లో ఎక్కడా లేదని, డబ్బు పంపకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలని మాత్రం చెప్పాను. భయపడినందుకు ఆయన సిగ్గుపడ్డారు గానీ, ఆ గుర్తును చూసి బెదిరేవారిలో చదువుకున్నవారే ఎక్కువమంది నాకు తారసపడుతున్నారు. పత్రం నిజమో కాదో తేలేది దానిని జారీ చేసిన కార్యాలయాన్ని, ఆ కాగితంలోని నంబరుకు కాకుండా, స్వయంగా వెతికి పట్టుకున్న నంబరు ద్వారా అడిగినప్పుడే.

అపోహ: పదవీ విరమణ చేసినవారు, రిజిస్టరైన సంఘాలు విజిటింగ్ కార్డులపై ఈ గుర్తు వేసుకోవచ్చు.

వాస్తవం: జాతీయ చిహ్నం దుర్వినియోగాన్ని అరికట్టే 2005 నాటి చట్టం ఇలాంటి వాడకాన్ని మాజీ అధికారులను కూడా కలుపుకునే నిషేధించింది. ప్రభుత్వ సంబంధం ఉందన్న భ్రమ కలిగించేలా వాడితే రెండేళ్ల వరకు జైలు, లేదా రూ.5,000 వరకు జరిమానా, లేదా రెండూ. కొద్దిగా మార్చి గీసినా అనుకరణ కిందికే వస్తుంది కనుక, ‘కాస్త తేడాగా గీయండి’ అని నన్ను బతిమాలడం వృథా.

అపోహ: సింహాలు మూడే, ఒక్కొక్కటి ఒక్కో గుణానికి ప్రతీక.

వాస్తవం: సారనాథ్ అశోక స్తంభ శీర్షంపై వీపులు ఆనించుకుని నిలబడినవి నాలుగు, నాలుగోది చిత్రంలో కనబడదు. ఒక్కో సింహానికి ఒక్కో గుణం అంటగట్టే జాబితాలకు చట్టంలోని వర్ణనలో చోటు లేదు. మూలశిల్పంలోని గంట ఆకారపు పద్మాన్ని 1950 జనవరి 26న స్వీకరించిన చిహ్నంలో వదిలేశారు. కాబట్టి పద్మం లేదని ‘అసంపూర్ణం’ అనేవారి మాట పట్టించుకోనవసరం లేదు.

అపోహ: రాష్ట్రాలు తమ చిహ్నంలో సింహాలను ఇష్టం వచ్చినట్టు చేర్చుకోవచ్చు.

వాస్తవం: కాకతీయ తోరణం, చార్మినార్‌లతో పాటు సింహాలున్న తెలంగాణ చిహ్నం వంటివాటికి, ఆ చట్టం కింద వచ్చిన 2007 నియమాల ప్రకారం, కేంద్రం ముందస్తు ఆమోదం తప్పనిసరి.