ఒక్క ఓటమితో సీజన్ అయిపోదు: గేలిక్ ఫుట్‌బాల్ గురించి అపోహలు - వాస్తవాలు

2025 జూన్ 14, శనివారం. ఐర్లాండ్ సొంత ఆట గేలిక్ ఫుట్‌బాల్‌లో కౌంటీల (మన జిల్లాల్లాంటివి) మధ్య ఏటా జరిగే ఆల్ ఐర్లాండ్ పోటీ. టల్లమోర్ పట్టణంలో మీత్ కౌంటీ చేతిలో మా కెర్రీ కౌంటీ తొమ్మిది పాయింట్ల తేడాతో ఓడింది. ఆట ముగిసి అరగంట గడవకముందే నా ఫోనుకు సందేశాలు మొదలయ్యాయి. "అన్నా, ఇక ఈ ఏడాదికి కెర్రీ కథ ముగిసినట్టే కదా?" పంపినవాళ్లంతా కెర్రీలోని మా ట్రలీ పట్టణం చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లే. ఇక్కడ పిల్లల జట్టుకు ఏడేళ్లుగా శిక్షణ ఇస్తున్నాను. ఈ ప్రశ్న రాని వేసవి ఒక్కటీ లేదు.

అపోహ: ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటికే.

వాస్తవం: కాదు. పాతికేళ్లుగా కాదు.

ఈ మాట ఊరికే పుట్టలేదు. 2000 వరకు నిజంగానే తన ప్రావిన్స్ (కొన్ని కౌంటీలు కలిసిన ప్రాంతం) పోటీలో ఓడిన కౌంటీకి ఆ ఏడాది ఆట అక్కడితో సరి. 2001లో పద్ధతి మారింది. ఆ ఏడాదే కొనాక్ట్ ప్రావిన్స్‌లో రాస్‌కామన్ చేతిలో ఓడిన గాల్వే, రెండో దారిలో తిరిగొచ్చి, ఫైనల్లో మీత్‌ను ఓడించి ఆల్ ఐర్లాండ్ విజేతకిచ్చే శామ్ మగ్వైర్ కప్పు గెలుచుకుంది. ఇక్కడివాళ్లు ఆ దారిని వెనక తలుపు అంటారు. మన దొడ్డిదారి అనే మాటలో ఉన్న చెడ్డ అర్థం దానికి లేదు. మా పక్కింటి పెద్దాయన ఇప్పటికీ పాత రోజుల ఉత్కంఠ గురించే చెబుతారు. ఆయన చెప్పేది ఆయన కాలానికి నిజం. దాన్ని విని, ఈ ఏటి నియమం ఇదేనంటూ వాట్సాప్‌లో పంచేవాళ్ల మీదే నాకు కోపం. మ్యాచ్‌ల పట్టిక చూడటానికి రెండు నిమిషాలు చాలు కదా!

ఐపీఎల్‌లో మొదటి క్వాలిఫయర్ ఓడిన జట్టుకు మరో అవకాశం ఉంటుందని మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఇక్కడా ఓటమి తర్వాత దారి ఉంటుందని ఎందుకు అనుకోరో నాకు అర్థం కాదు.

2025 సంగతే చూడండి. పదహారు కౌంటీలు, నాలుగు గ్రూపులు. ప్రతి గ్రూపులో చివరి జట్టు మాత్రమే వెళ్లిపోతుంది, మిగతా మూడూ ముందుకు వెళ్తాయి. టల్లమోర్‌కు వెళ్లేసరికే కెర్రీ రాస్‌కామన్‌నూ కార్క్‌నూ ఓడించి ఉంది. ఆ ఓటమితో పోయింది గ్రూపులో మొదటి స్థానం. దానివల్ల క్వార్టర్ ఫైనల్‌కు ముందు ఒక మ్యాచ్ అదనంగా ఆడాల్సి వచ్చింది, అంతే. వారం తిరిగేసరికి కిలార్నీలో కావన్‌ను ఓడించింది. డబ్లిన్‌లోని క్రోక్ పార్క్ మైదానంలో, క్వార్టర్ ఫైనల్లో అంతకుముందు ఏడాది విజేత అర్మాపై, ఆ జట్టుకు ఒక్క పాయింటూ ఇవ్వకుండా వరసగా పద్నాలుగు కొట్టినప్పుడు నేను కుర్చీలో కూర్చోలేకపోయాను. సెమీస్‌లో టిరోన్ ఓడింది, జూలై 27న ఫైనల్లో డోనెగాల్ ఓడింది. కెర్రీకి అది 39వ టైటిల్.

2025తో ఆ గ్రూపుల పద్ధతి ముగిసింది. తర్వాత వచ్చిన పద్ధతిలోనూ ఆల్ ఐర్లాండ్ మొదటి రౌండ్ ఓడిన కౌంటీకి ఇంకో మ్యాచ్ ఉంది.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. అదే జూన్‌లో మా పిల్లల జట్టు కూడా తన గ్రూపులో తొలి మ్యాచ్ ఓడింది. మా గోల్‌కీపర్ తండ్రి మంచి మనిషి, రాత్రి డ్యూటీలు చేస్తూ కూడా కొడుకును ఏనాడూ ఆలస్యంగా తీసుకురాలేదు. విమాన ఛార్జీలు పెరుగుతున్నాయని భయపడి, ఇక ఆటలు లేవని ఎవరో చెప్తే నమ్మి, నెల్లూరుకు టికెట్లు తీశారు. మేము తర్వాతి రెండూ గెలిచాం. సెమీఫైనల్ సాయంత్రం ఏడింటికి. నెల్లూరులో అప్పుడు రాత్రి పదకొండున్నర. పిల్లవాడు ఫోనులో వీడియో కాల్‌లో ఆట మొత్తం చూశాడు. తన చోట నిలబడిన కుర్రాడికి "ఎడమ పక్కకు జరుగు" అని చెబుతూనే ఉన్నాడు. ఆ మాట మైదానంలో ఎవరికీ వినపడలేదు. ఆగస్టులో తిరిగొచ్చాక తండ్రి నన్ను క్షమాపణ అడిగారు. తప్పు ఆయనది కాదని చెప్పాను, ఇప్పటికీ అదే అంటాను.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. పదకొండు కంటే పదమూడు పెద్దది కాబట్టి 2024 ఫైనల్ గాల్వే గెలిచిందని నాతో వాదించినవాళ్లున్నారు. అర్మా 1-11, గాల్వే 0-13. ఇందులో మొదటి అంకె గోల్స్, రెండోది పాయింట్లు. గోల్‌కు మూడు పాయింట్లు కలిపితే 14-13, కప్పు అర్మాది. కౌంటీ ఆటగాళ్లకు లక్షల జీతాలు ఉంటాయన్నది కూడా తప్పే, వాళ్లకు ఆడినందుకు జీతం లేదు. కెర్రీ స్టార్ డేవిడ్ క్లిఫర్డ్ అంతటివాడు ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నాడు. ఆట చదువును చెడగొడుతుందని దిగులుపడే తల్లులకు నేను చూపించేది ఆయననే. ఇక ఇది రగ్బీలాంటిదని భయపడకండి. భుజానికి భుజం తగిలించవచ్చు గానీ మనిషిని పట్టి పడేయడం ఫౌల్. పళ్లకు మౌత్‌గార్డ్ తప్పనిసరి, అది మరిచిపోయి వచ్చిన పిల్లవాడిని నేను మైదానంలోకి దింపను.

వేసవికి ఇండియా ప్రయాణం పెట్టుకునేవాళ్లు టికెట్లు తీసే ముందు మీ క్లబ్ కోచ్‌కు ఒక్క ఫోన్ చేయండి. గెలిస్తే ఎప్పుడు ఆట, ఓడితే ఎప్పుడు ఆట, రెండు తేదీలూ అడగండి.