కారులోంచి బటన్లు ఎందుకు పోయాయి?

పోయిన అక్టోబరులో విజయనగరం నుంచి శ్రీకాకుళం వస్తున్నాం. రణస్థలం దాటేసరికి కుండపోత వాన. అద్దాలన్నీ ఎత్తేసి లోపల నలుగురం. నిమిషంలో ముందద్దానికి ఆవిరి కమ్మేసింది. ముందు వెళ్తున్న లారీ వెనక లైట్లు రెండు ఎర్ర మరకల్లా కనిపిస్తున్నాయి, అంతే. గాలిని అద్దం మీదికి తిప్పాలంటే తెర మీద మ్యాప్‌ను పక్కకు నెట్టాలి, ఫ్యాన్ బొమ్మ నొక్కాలి, అది తెరుచుకున్నాక అద్దం గుర్తు వెతకాలి. చక్రం గుంటలో పడింది, వేలు జారింది, గాలికి బదులు పాట మొదలైంది. చివరికి పక్కనున్న మా ఆవిడ కొంగుతో అద్దం తుడిచింది.

అంతకుముందు మాకు మారుతి 800 ఉండేది. అందులో గాలిని తిప్పడానికి డ్యాష్‌బోర్డు మధ్యలో అడ్డంగా జరిపే మీటలుండేవి. ఎటు జరిపితే ఏమవుతుందో నాలుగు రోజుల్లో చేతికి తెలిసిపోయేది. కళ్లు రోడ్డు మీదే ఉండేవి. కొత్త కారుకు అంత డబ్బు పోసి నేను పోగొట్టుకున్నది ఆ మీటనే.

ఇది నిన్నమొన్నటి జబ్బు కాదు. టచ్ స్క్రీన్‌తో మొదటి కారు 1986లోనే అమెరికా రోడ్డెక్కింది. దాని పేరు బ్యూక్ రివియెరా. పాత టీవీల్లో ఉండే గాజు గొట్టమే తెర. రేడియో, ఏసీ అన్నీ అందులోనే. జనానికి నచ్చలేదు. చిన్న పనికి కూడా కళ్లు తెర మీదికి తిప్పాల్సి వస్తోందని విసుక్కున్నారు. 1990 మోడల్‌కల్లా కంపెనీ మళ్లీ బటన్లకే వచ్చేసింది. పాఠం అప్పుడే దొరికింది, కానీ ఎవరూ గుర్తు పెట్టుకోలేదు.

2001లో బీఎండబ్ల్యూ తన 7 సిరీస్‌లో ఐడ్రైవ్ అని ఒకే గుండ్రటి నాబ్ పెట్టి వందల పనులు దానికే అప్పజెప్పింది. దాని మీదా తిట్లు కురిశాయి. అసలు మలుపు 2012. ఆ ఏడాది టెస్లా మోడల్ ఎస్ 17 అంగుళాల తెరతో వచ్చింది. అప్పటికి అందరి జేబుల్లోకీ టచ్ ఫోన్లు వచ్చేశాయి కాబట్టి, తెర లేని కారు పాతదన్న భావన పాకిపోయింది. 2018 మే నుంచి అమెరికాలో కొత్త కార్లన్నింటికీ వెనక కెమెరా తప్పనిసరి చేశారు. కెమెరా ఉంటే తెర ఉండాలి. ఎలాగూ తెర ఉన్నప్పుడు బటన్లకు వేరే ఖర్చెందుకు అనుకున్నాయి కంపెనీలు.

ఈ ఖర్చు దగ్గరే ఉంది కిటుకంతా. ఒక్కో బటన్‌కూ ఒక అచ్చు, ఒక వైరు, ఒక పరీక్ష, బిగించడానికి ఒక మనిషి కావాలి. తెర అయితే ఒక్కసారి బిగిస్తే చాలు, మిగతాదంతా సాఫ్ట్‌వేర్. పైగా ఒకే తెరను పది మోడళ్లకు వాడుకోవచ్చు. ఫ్యాక్టరీకి ఇది లాభమే, కాదనను. కానీ ఆ లాభాన్ని షోరూంలో మనకు సౌకర్యమని చెప్పి అమ్మారు, అదే నాకు కష్టంగా ఉంది.

స్టెపినీ సంగతీ ఇంతే. 2020లో కేంద్రం నిబంధన మార్చింది. టైర్లో గాలి ఎంతుందో చెప్పే ఏర్పాటు, పంక్చర్ కిట్ ఉంటే కార్లకు స్టెపినీ తప్పనిసరి కాదంది. మేకు దిగితే కిట్ పనికొస్తుంది. కానీ సీతంపేట ఏజెన్సీ రోడ్డులో రాయి తగిలి టైరు పక్కగోడ చీలితే ఆ కిట్ ఏం చేస్తుంది?

చేతికి తెలియని తెర ఎంత దూరం తీసుకెళ్తుందో 2017 ఆగస్టులో సింగపూర్ దగ్గర తెలిసింది. అమెరికా యుద్ధనౌక జాన్ ఎస్. మెక్‌కెయిన్ ఒక ట్యాంకర్‌ను ఢీకొని పదిమంది నావికులు చనిపోయారు. కారణాల్లో టచ్ స్క్రీన్ మీద నడిపే కంట్రోల్స్ దగ్గర జరిగిన గందరగోళం ఒకటని విచారణలో తేలింది. 2019లో ఆ నౌకాదళం వేగాన్ని మార్చడానికి మళ్లీ చేత్తో తోసే మీటలే పెడతామని చెప్పింది.

కార్ల లెక్క 2022లో స్వీడన్ పత్రిక వి బిలాగరే తేల్చింది. గంటకు 110 కిలోమీటర్ల వేగంలో డ్రైవర్లకు నాలుగు మామూలు పనులు చెప్పింది. బటన్లున్న 2005 నాటి వోల్వో వి70లో అవన్నీ 10 సెకన్లలో అయిపోయాయి. అంతలో కారు వెళ్లిన దూరం 306 మీటర్లు. అన్నిటికంటే వెనకబడిన కొత్త కారులో పట్టింది 44.9 సెకన్లు, 1,372 మీటర్లు. అంత దూరమూ డ్రైవరు చూపు రోడ్డుకూ తెరకూ మధ్య కొట్టుకుంటూనే ఉంటుంది. మన హైవేలో ఆ దూరంలో ఎన్ని ఆవులు అడ్డొస్తాయో, ఎన్ని బైకులు ఎదురుగా రాంగ్ రూట్లో వస్తాయో మనకు తెలుసు.

ఇప్పుడు గాలి కాస్త మళ్లింది. 2026 జనవరి నుంచి, యూరప్‌లో కార్ల భద్రతకు మార్కులిచ్చే సంస్థ యూరో ఎన్‌క్యాప్‌లో పూర్తి మార్కులు కావాలంటే ఇండికేటర్లు, హజార్డ్ లైట్లు, వైపర్, హారన్, ఆపదలో సాయం పిలిచే ఎస్ఓఎస్ చేతికి తగిలే మీటలో బటన్లో అయి ఉండాలి. ఫోక్స్‌వ్యాగన్ డిజైన్ అధిపతి ఆండ్రియాస్ మిండ్ట్ కూడా 2025లో, ముఖ్యమైన పనులకు ఇక నిజమైన బటన్లే ఉంటాయని, ఆ తప్పు మళ్లీ చేయమని అన్నారు. మన భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబరులో మొదలైంది. దాని దృష్టి ఎక్కువగా గుద్దుకున్నాక లోపలివాళ్లు ఎంత భద్రంగా ఉంటారన్న దాని మీదే. గుద్దుకోకముందు డ్రైవరు చూపు ఎక్కడుందన్నది కూడా అందులో చేరాలని నా కోరిక.

పోయిన నెల మా బావ కారు కొనడానికి శ్రీకాకుళంలో ఒక షోరూంకు వెళ్తే నేనూ వెంట వెళ్లాను. టాప్ మోడల్‌లో ఏసీ అంతా నున్నటి టచ్ ప్యానెల్. రెండు మెట్లు కింది దానిలో మూడు గుండ్రటి నాబ్‌లు. బావ కళ్లు మూసుకుని చెయ్యి చాచాడు, మధ్య నాబ్ పట్టుకుని ఒక క్లిక్ తిప్పాడు. ఫ్యాన్ తిరిగింది. "ఇదే రాయించెయ్ బాబూ" అన్నాడు సేల్స్ కుర్రాడితో.