మూడో విజిల్ రాలేదు: స్టూడెంట్ థ్రిల్లర్ ప్లానింగ్‌లో అపోహలు - వాస్తవాలు

ఏటా డిసెంబరు వచ్చేసరికి నాలుగైదు టీములు స్క్రిప్టులు పట్టుకుని నా దగ్గరికి వస్తాయి. కొందరు మాస్ కమ్యూనికేషన్ పిల్లలు, కొందరు ఇంజినీరింగ్ చదువుతూ సినిమా పిచ్చి పట్టినవాళ్లు. నా పని ఎడిటింగ్. ప్లానింగ్‌లో చేసిన తప్పులన్నీ చివరికి నా టేబుల్ మీదే తేలతాయి కాబట్టి ఈమధ్య షూటింగ్‌కి ముందే రమ్మంటున్నాను. దాదాపు అందరూ థ్రిల్లరే తీస్తామంటారు. పాటలక్కర్లేదు, ఇద్దరు ఆర్టిస్టులు చాలు, ఒక గది చాలు అని లెక్క. అక్కడిదాకా కరెక్టే. తేడా కొట్టేది ఆ తర్వాతే.

అపోహ: "ట్విస్ట్ అదిరిపోతే చాలన్నా"

ప్రతి టీమూ కథని చివరి నుంచి చెప్పడం మొదలుపెడుతుంది. "లాస్ట్‌లో తెలుస్తుందన్నా, చంపింది వాడే. కానీ వాడికే గుర్తులేదు!" సరే, ఆ చివరి అర నిమిషం బాగుంది. దానికి ముందున్న తొమ్మిదిన్నర నిమిషాలూ చూసేవాడు ఎందుకు కూర్చోవాలి? అక్కడ అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. యూట్యూబ్‌లో అయితే వాడు రెండో నిమిషానికే ఇంకో వీడియోకి వెళ్లిపోతాడు. మీ ట్విస్ట్ వాడిదాకా చేరనే చేరదు.

థ్రిల్లర్‌కి ముందుగా ప్లాన్ చేయాల్సింది ఒక్కటే: ఏ సంగతి, ఎవరికి, ఎప్పుడు తెలుస్తుంది. దీనికి హాలీవుడ్ థ్రిల్లర్ల డైరెక్టర్ హిచ్‌కాక్ చెప్పిన టేబుల్ కింద బాంబు ఉదాహరణ అందరూ చెబుతారు. బాంబుందని ముందే చూపిస్తే పైన జరిగే పిచ్చాపాటీ కూడా గుండె దడ పుట్టిస్తుంది, చూపించకపోతే పేలినప్పుడు ఒకసారి ఉలిక్కిపడతాం, అంతే. మన ఇళ్లలో బాంబులుండవు. కుక్కరుంటుంది.

రెండేళ్ల కిందట ఒక టీమ్ ఇలాంటి కథే తెచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లో మూడో అంతస్తు ఫ్లాట్, ఒంటరిగా ఉండే అమ్మాయి, ఇంట్లోకి ఎవరో దూరతారు. వాళ్ల డ్రాఫ్ట్‌లో నల్ల ముసుగు, కత్తి, పరుగు అన్నీ ఉన్నాయి, భయం తప్ప. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక సీన్ దొరికింది. అమ్మాయి కుక్కర్ పెట్టి, ఫోన్‌లో అమ్మతో "మూడు విజిల్స్ రాగానే కట్టేస్తాలే" అని, ఆరేసిన బట్టలు తేవడానికి డాబా మీదకి వెళ్తుంది. కింద నుంచి ఒక విజిల్. రెండో విజిల్. మూడోది రాదు.

ఇప్పుడు దీన్ని మూడు రకాలుగా తీయొచ్చు.

మనం అమ్మాయితో పాటే డాబా మీద ఉండిపోవచ్చు. క్లిప్పులు ఒక్కొక్కటే తీసి చున్నీ కొంగుకి పెట్టుకుంటూ ఉంటుంది. దుప్పటి మడత సగంలో చెయ్యి ఆగిపోతుంది. ఇంట్లో ఎవరో స్టవ్ కట్టేశారు. ఆమెకీ మనకీ ఆ సంగతి ఒకేసారి తెలుస్తుంది.

లేదా రెండో విజిల్ అవగానే వంటింట్లోకి వెళ్లొచ్చు. ఒక చెయ్యి వచ్చి స్టవ్ కట్టేస్తుంది. పైన ఆమె కూనిరాగం తీస్తూ దుప్పటి మడతపెడుతోంది. మనకి తెలుసు, ఆమెకి తెలియదు. ఇక ఆమె మెట్లు దిగే ప్రతి అడుగూ మన ప్రాణం మీదకొస్తుంది.

మూడో దారిలో ఆమెకి తెలుసు, మనకే తెలియదు. అమ్మతో నవ్వుతూ మాట్లాడుతూనే డాబా తలుపుకి ఇవతలి నుంచి నెమ్మదిగా గడియ పెడుతుంది. ఎందుకు పెట్టిందా అని మనం తల గోక్కుంటాం. విజిల్ సంగతి కాస్త ఆగి గుర్తొస్తుంది.

అదే ఇల్లు, అదే అమ్మాయి, అదే కుక్కర్. మూడూ మూడు వేర్వేరు సినిమాలు. అందుకే స్క్రిప్ట్ కంటే ముందు నేను ఒక తెల్లకాగితం అడుగుతాను. నిలువునా మూడు గళ్లు: ప్రేక్షకుడికి తెలిసింది, హీరోయిన్‌కి తెలిసింది, విలన్‌కి తెలిసింది. ఒక్కో సీన్ అయ్యాక ఏ గడిలో కొత్తగా ఏం చేరిందో రాయాలి. ఏ గడిలోనూ ఏమీ చేరని సీన్ ఉంటే కొట్టేయడమే. నడుచుకుంటూ రావడం, బైక్ స్టార్ట్ చేయడం, అద్దంలో చూసుకోవడం, ఇవన్నీ ఇక్కడే రాలిపోతాయి.

ఆ టీమ్ రెండో రకమే తీద్దామంది, నేను మొదటిదన్నాను. చెయ్యి చూపించగానే ఎవరి చెయ్యి అన్న ప్రశ్న పుడుతుంది, దానికి జవాబు చెప్పుకుంటూ కూర్చుంటే ఉన్న పది నిమిషాలూ అయిపోతాయని నా వాదన. వారమైనా తేలలేదు.

అపోహ: రీసెర్చ్ అంటే యాభై సినిమాలు చూడటం

చూడండి, మంచిదే. కానీ దానికి రీసెర్చ్ అని పేరు పెట్టకండి. మీకు నచ్చిన ఒక్క సీన్ తీసుకుని పదిసార్లు చూడండి. మొదటి రెండుసార్లు సౌండ్ ఆపేసి, తర్వాత ఒకసారి కళ్లు మూసుకుని. ఎన్ని షాట్లున్నాయి, ఏ షాట్ ఎన్ని సెకన్లుంది, ఎవరి మొహం మీద ఎక్కువసేపు ఆగారు అన్నది కాగితం మీద పెట్టండి. తర్వాత పైన చెప్పిన గళ్లు నింపండి. 2005లో వచ్చిన 'అనుకోకుండా ఒక రోజు'లో హీరోయిన్‌కి ఒక రోజు ఏం జరిగిందో గుర్తుండదు. అక్కడ మొదటి రెండు గళ్లూ ఖాళీగానే మొదలవుతాయి, కలిసి నిండుతాయి. ఆ సినిమా ఎందుకు పట్టి కూర్చోబెడుతుందో ఈ కాగితం చూస్తే అర్థమవుతుంది.

అపోహ: పోలీసుల సంగతి సిరీస్‌లు చూసి రాసేయొచ్చు

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. గత ఏడాది వచ్చిన స్క్రిప్టుల్లో సగానికి పైగా ఎస్సై పాత్ర "త్రీ నాట్ టూ కింద బుక్ చేస్తా" అంటుంది. 2024 జూలై 1 నుంచి పాత శిక్షాస్మృతి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) అమల్లో ఉంది. హత్యకి శిక్ష ఇప్పుడు 103వ సెక్షన్. మోసానికి 420 పోయి 318 వచ్చింది. మీ కథలో హత్య ఆ తేదీకి ముందు జరిగితే 302 అనడమే కరెక్టు, కాబట్టి కథ ఏ సంవత్సరంలో జరుగుతోందో ముందు తేల్చుకోండి. పాత్రలు ఒకరినొకరు "వాడు పెద్ద ఫోర్‌ట్వంటీ గాడు" అని తిట్టుకోవచ్చు, దాన్ని ఏ చట్టమూ మార్చలేదు.

ఇంకో రకం పొరపాటు శవం దగ్గర. "ఒళ్లు బిగుసుకుపోయింది సార్, అరగంట క్రితమే చనిపోయాడు" అంటాడు కానిస్టేబుల్. శవం బిగుసుకోవడం సాధారణంగా 2, 3 గంటలకి కనురెప్పలు, దవడ దగ్గర మొదలవుతుంది. ఒళ్లంతా పాకడానికి దాదాపు 12 గంటలు పడుతుంది. మన ఎండల్లో ఇంకాస్త ముందే కావచ్చు గానీ అరగంటలో మాత్రం కాదు. అలాగే ముక్కు దగ్గర కర్చీఫ్ పెట్టగానే మనిషి వాలిపోవడం. క్లోరోఫామ్‌తో స్పృహ తప్పాలంటే నిమిషాలు పడుతుంది, క్షణాలు కాదు. ఇక "ఇంకో ముప్పై సెకన్లు మాట్లాడించండి, ట్రేస్ చేస్తున్నాం" అన్నది పాత ఎక్స్చేంజీల కాలం నాటి మాట. ఇప్పుడు కాల్ కలిసిన క్షణమే ఏ టవరో నెట్‌వర్క్‌కి తెలుసు. అసలు దర్యాప్తు నడిచేది కాల్ డేటా కాగితాలు ముందేసుకుని, నంబర్ల కింద గీతలు గీసుకుంటూ. నన్నడిగితే అదే ఎక్కువ సినిమాటిక్.

నిజం తెలుసుకుంటే కథకే లాభం. పెళ్లయి 7 ఏళ్లు నిండని స్త్రీ అనుమానాస్పదంగా చనిపోతే శవ పంచనామాకి తహసీల్దారు వస్తారు. ఇది చెప్పగానే ఒకమ్మాయి తన స్క్రిప్ట్‌లో ఎస్సైని తీసేసి, ఉదయం రేషన్ కార్డుల సంతకాలు పెడుతూ మధ్యలో లేచి శవం దగ్గరికి వచ్చిన మహిళా తహసీల్దారుని పెట్టింది. ఆ పాత్రని నేను ఇంతకుముందు ఏ షార్ట్ ఫిల్మ్‌లోనూ చూడలేదు.

ఎవర్ని అడగాలంటారా? స్టేషన్‌కి వెళ్లే ధైర్యం లేకపోతే మీ ఊళ్లో క్రైమ్ వార్తలు రాసే విలేకరికి ఒక టీ ఇప్పించండి. గంటలో రెండు సినిమాలకి సరిపడా చెబుతాడు. అయితే నిజంగా జరిగిన కేసుని తీసుకుంటే పేర్లు, ఊళ్లు, గుర్తుపట్టే వివరాలు మార్చండి. అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెట్టడం బీఎన్ఎస్ 72 కింద నేరం, షార్ట్ ఫిల్మ్ అంటే ఊరుకోరు.

అపోహ: థ్రిల్లరంటే రాత్రి తీయాల్సిందే

మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలకి మీ కాలనీలో ఒక్కసారి నిలబడి చూడండి. ఒక్క మనిషి ఉండడు. తలుపులన్నీ వేసి ఉంటాయి, ఎక్కడో ఒక కూలర్ మోత. అంతకంటే భయపెట్టే లొకేషన్ నాకు తెలియదు, లైట్ల ఖర్చు కూడా లేదు.

తప్పదంటే, ఇంటి లోపలి రాత్రిని పగలే తీయండి. కిటికీలకి నల్ల దుప్పట్లు కట్టి, సందులకి టేపు వేస్తే పన్నెండు గంటల ఎండలోనూ అర్ధరాత్రే. బయటి షాట్లకి అసుర సంధ్య వేళ వాడుకోండి. పొద్దు కుంకాక మన దగ్గర సుమారు 20 నిమిషాలు ఆకాశం నీలంగా ఉంటుంది, వీధి దీపాలూ వెలుగుతాయి. ఆ 20 నిమిషాల్లో రెండు మూడు షాట్లకి మించి పెట్టుకోకండి, మధ్యాహ్నమే రిహార్సల్ చేసి ఉంచుకోండి. ట్యూబ్‌లైట్ కింద తీసేటప్పుడు షట్టర్ స్పీడ్ సెకనులో 1/50 వంతు గానీ 1/100 వంతు గానీ పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్, వేరే స్పీడ్ పెడితే పాత చోకు లైట్లు తెరమీద వణుకుతాయి. ఎడిటింగ్‌లో ఆ వణుకు తీయమని మాత్రం నన్నడగొద్దు.

అపోహ: మంచి కెమెరా ఉండాలి. ఫోన్ చాలు. కెమెరా అద్దెకి పెట్టే డబ్బులతో ఒక కాలర్ మైక్ కొనుక్కోండి.

అపోహ: స్టోరీబోర్డ్ వేయాలంటే బొమ్మలొచ్చి ఉండాలి. రానక్కర్లేదు. లొకేషన్‌కి వెళ్లి, ఆర్టిస్టుల బదులు ఫ్రెండ్స్‌ని నిలబెట్టి, ఫోన్‌తో ఒక్కో షాట్‌కి ఒక్కో ఫొటో తీసి వరసగా పెట్టుకోండి. నాలుగు ఫొటోలు చూడగానే వంటింట్లో ట్రైపాడ్ పట్టదని తెలిసిపోతుంది. షూటింగ్ రోజు తెలియడం కంటే నయం కదా.

అపోహ: భయం బీజీఎం‌లో ఉంటుంది, పోస్ట్ ప్రొడక్షన్‌లో చూసుకోవచ్చు

కుక్కర్ సీన్‌లో బీజీఎం ఎక్కడుంది? రాని విజిలే అక్కడ సంగీతం. ఏ చప్పుడు వినిపించాలి, ఏది ఆగిపోవాలి అన్నది స్క్రిప్ట్‌లోనే రాసుకుంటే షూటింగ్‌లో రికార్డ్ చేసుకోగలరు. డైలాగ్ నడుస్తుంటే నిజం కుక్కర్ కూయకూడదు, విజిల్ విడిగా పక్క గదిలో నుంచి పట్టుకోవాలి. ప్రతి గదిలోనూ అందరూ నోరు మూసుకుని ఒక నిమిషం ఖాళీ చప్పుడు రికార్డ్ చేయండి. కట్‌కీ కట్‌కీ మధ్య అతుకు కనపడకుండా చేసేది అదే. ఫ్యాన్ ఆపండి, ఫ్రిజ్ ఆపండి. ఫ్రిజ్ ఆపినప్పుడు మీ బండి తాళం ఫ్రిజ్‌లో పెట్టండి. ఇంటికి పోయేటప్పుడు తాళం కోసం తెరుస్తారు, ఆన్ చేయడం గుర్తొస్తుంది. ఇంటివాళ్ల పెరుగు పులిసిపోయాక రెండో రోజు షూటింగ్‌కి ఇల్లివ్వరు.

మావాళ్లు ఒకసారి "సౌండే కదా కావాల్సింది" అని నీళ్లు పోయకుండా ఉత్త కుక్కర్ స్టవ్ మీద పెట్టి మైక్ పట్టుకుని కూర్చున్నారు. ఆవిరి లేనిదే విజిలెక్కడిది? కాసేపటికి సేఫ్టీ వాల్వ్ కరిగి కమురు వాసన వచ్చింది. ఇంటి ఆంటీకి కొత్త వాల్వ్ కొనిచ్చి, ఆవిడ చేతే పప్పు పెట్టించి విజిల్ రికార్డ్ చేశాం.

ఇంకోటి, పది సెకన్ల లోపు సినిమా పాట వాడితే కాపీరైట్ పడదంటారు. చట్టంలో అలాంటి సెకన్ల లెక్కేదీ లేదు.

అపోహ: స్టూడెంట్లం కదా, పర్మిషన్ దేనికి

రైల్వే ప్లాట్‌ఫామ్, మెట్రో స్టేషన్ పర్మిషన్ లేకుండా కుదరవు, కాలేజీ ఐడీ కార్డు అక్కడ పనికిరాదు. వాటి జోలికి పోకుండా రాయడమే తెలివి. రోడ్డు మీద అయితే స్థానిక స్టేషన్‌లో ఒక లెటర్ ఇచ్చి, దాని కాపీ జేబులో ఉంచుకోండి. చుట్టుపక్కల షాపులవాళ్లకి నోటితో చెప్పండి. ఒక టీమ్ సహజంగా ఉంటుందని కెమెరాని కారులో దాచిపెట్టి కిడ్నాప్ సీన్ తీసింది. జనం నిజమే అనుకుని విలన్ కుర్రాడికి నాలుగు తగిలించాక గానీ కెమెరా ఎక్కడుందని అడగలేదు. బొమ్మ తుపాకీ అయితే ఇంకా ప్రమాదం, దాన్ని నాలుగు గోడల మధ్యే ఉంచండి.

అపోహ: పది పేజీల స్క్రిప్ట్, రెండు రోజుల్లో లేపేస్తాం

పేజీకి నిమిషం అన్న లెక్క తెరమీద నిడివికి, షూటింగ్‌కి కాదు. 1960లో వచ్చిన 'సైకో'లో స్నానాల గది సీన్ తెరమీద కొద్ది నిమిషాలే, తీయడానికి 7 రోజులు పట్టింది. కొత్త టీమ్ రోజుకి పన్నెండు, పదిహేను షాట్లు తీస్తే గొప్ప, నా అనుభవంలో. మాటల సీన్ మూడు షాట్లలో అయిపోతుంది, టెన్షన్ సీన్ అవదు: చెయ్యి, మొహం, తలుపు, మెట్లు, మళ్లీ మొహం. కాబట్టి రోజుల్ని పేజీలతో కాకుండా షాట్లతో లెక్కేయండి. లెక్క తేలకపోతే పాత్ర ఒకటి తగ్గించండి, రోజు పెంచకండి.

అపోహ: ఆడియన్స్ రీసెర్చ్ అంటే గూగుల్ ఫామ్

"మీకు థ్రిల్లర్స్ ఇష్టమా?" అని ఫామ్ పంపితే ఫ్రెండ్సందరూ అవునని కొడతారు. దాంతో ఒక్క షాట్ కూడా మారదు. కథ తెలియని ఐదుగురిని పట్టుకుని సీన్ గట్టిగా చదివి, సరిగ్గా మధ్యలో ఆపండి. తర్వాత ఏమవుతుందనుకుంటున్నారో అడగండి. ఫోన్ చూసుకుంటే అక్కడ సీన్ చచ్చిందని లెక్క.

కుక్కర్ తగువు మేం అలాగే తేల్చుకున్నాం. హాస్టల్ మెస్‌లో రెండు బల్లల దగ్గర రెండు వెర్షన్లు చదివించాను. చెయ్యి చూపించిన బల్ల దగ్గర "వాచ్‌మెన్ అయ్యుంటాడు", "కాదు, బాయ్‌ఫ్రెండ్" అని గెస్సులు మొదలయ్యాయి. రెండో బల్ల దగ్గర మావాడు "ఆమె దుప్పటి మడతపెడుతోంది" అని చదివి ఆగాడు. అందరూ ఊరుకున్నారు. పెరుగన్నం కలుపుతున్న ఒకమ్మాయి చెయ్యి ఆపి, "అవునూ, మూడో విజిల్ రాలేదేంటి?" అంది.