పందికని పెట్టిన తీగ మనుషుల్ని చూసి తప్పుకోదు: అపోహలు - వాస్తవాలు

మక్కలు కంకి పట్టాయంటే ములుగు వైపు అటవీశాఖలో పనిచేసే మాకు వినపడేది ఒకటే మాట. "పందులకు కరెంటు తీగ పెట్టిన సారూ. పొద్దుగూకినంక పెట్టి తెల్లారంగనే తీసేస్త. ఏమన్నైతే ఫ్యూజు కొట్టేస్తది గద!"

కొట్టేయదు. ఫ్యూజు ఉన్నది మోటరు కోసం, మనిషి కోసం కాదు. అది పోవాలంటే కొన్ని ఆంపియర్లు పారాలి. గుండె ఆగడానికి ఆంపియరులో పదో వంతు చాలు. మనిషి తీగ మీదే పడి ఉన్నా ఫ్యూజుకు ఏమీ కాదు.

మొన్నొక చేనులో చూశాను. వెదురు కట్టెలు, వాటికి బీరు సీసాల మూతులు, మోకాలెత్తున బైండింగ్ వైరు, కొక్కెం నేరుగా లైనుకే. రాత్రి మోటరు వేయడానికి ఆ రైతు కొడుకు వచ్చేదీ ఆ గట్టు మీదనుంచే. "వానికి చెప్పిన సారూ" అన్నాడు రైతు. సరే. 2024 ఫిబ్రవరిలో కాటారం అడవిలో కూంబింగుకు పోయి ఇలాంటి తీగకే బలైన గ్రేహౌండ్స్ కానిస్టేబులుకు ఎవరు చెప్పారు? ఛత్తీస్‌గఢ్‌లోని ఇంద్రావతి అడవుల వైపు నుంచి గోదావరి దాటి రాత్రిపూట నడిచొచ్చే పులికి ఎవరు చెబుతారు?

"మరి సోలారు ఝట్కా మిషనూ కరెంటే గద?" కరెంటే. కానీ కంచె తీగకు తగిలించే ఆ మిషను సెకనుకోసారి, రెప్పపాటులో వందో వంతు కూడా లేనంత సేపు కొట్టి వదులుతుంది. జంతువు బెదిరి వెనక్కి పోతుంది. లైను కరెంటు వదలదు, కండరాలు బిగుసుకుపోతాయి. కెన్యాలో అబర్డేర్ కొండల చుట్టూ దాదాపు 400 కిలోమీటర్ల కంచె ఈ పద్ధతిలోనే వేశారు, ఏనుగులు పొలాల మీద పడకుండా. ఒక్కటి గుర్తుంచుకోండి: మిషను పాడైందని తీగను లైనుకు తగిలిస్తే అది మళ్లీ ఉరే.

మిగతా అపోహలు గబగబా. పులి అడుగు కనపడితే ఊరు ఖాళీ చేయిస్తారన్నది పుకారు. ఏటూరునాగారం అభయారణ్యం, టైగర్ రిజర్వు కాదు. 2012లో టైగర్ రిజర్వు అయిన కవ్వాల్ కోర్‌లోనైనా, అంటే నడిమి అడవిలోనైనా, గ్రామసభ ఒప్పుకోకుండా తరలించడానికి చట్టం ఒప్పుకోదు. రెండుతలల పాముకు కోట్లు ఇస్తామనేవాడు మీ అడ్వాన్సు కోసం వచ్చినవాడు. పామును పట్టినందుకు కేసు మాత్రం మీ మీదే.

ఆవును పులి చంపితే పైసలు రావని ఏడ్చుకుంటూ కళేబరం మీద పురుగుమందు గుళికలు చల్లేవాళ్లున్నారు. వాళ్ల బాధ నాకు తెలుసు, పాడి ఆవు పోతే ఇల్లు గడవదు. కానీ పరిహారం ఉంది. కళేబరాన్ని కదపకండి, ఫారెస్టు బీట్ ఆఫీసరుకు ఫోన్ చేయండి, పశువుల డాక్టరు వచ్చి చూశాకే పూడ్చండి. రాత్రి రెండింటికైనా చేయండి, విసుక్కోం.