వీసా ఒరిజినలే, మరి ఎందుకు చిక్కుకున్నారు? గల్ఫ్ కాగితాలపై అపోహలు – వాస్తవాలు

వేసవిలో లా విద్యార్థులు ఇంటర్న్‌షిప్‌కి వచ్చి వలస కార్మికుల సహాయ కేంద్రంలో కూర్చుంటే, అది అమలాపురమైనా నరసాపురమైనా, ముందుగా చెవిన పడే మాట ఒకటే: “వీసా ఒరిజినలేనండీ, ఆన్‌లైన్‌లో కొట్టి చూశాం.” తల్లి కువైట్‌లోనో మస్కట్‌లోనో చిక్కుకుపోయిందని పరుగెత్తుకొచ్చిన కొడుకు చెప్పే మాట అది. ఇంటర్న్ దాన్నే ఫైల్లో ఎక్కించేస్తాడు. జనాన్ని ఎక్కువగా ముంచుతున్నది ఈ నమ్మకమే కాబట్టి ముందు దీని సంగతే చూద్దాం.

అపోహ: వీసా నిజమైనదైతే భయం లేదు.

అడగాల్సింది వీసా దొంగదా, నిజమైనదా అని కాదు. ఏ రకం వీసా, ఎవరి పేరు మీద, ఏ పనికి అని. విజిట్ వీసా కూడా ఒరిజినలే. కానీ దాని మీద వెళ్లి పనిలో చేరితే ఆ దేశ చట్టం దృష్టిలో ఆమె సందర్శకురాలు. జీతం ఎగ్గొట్టారని ఫిర్యాదు చేయబోతే ముందు తన తప్పే బయటపడుతుంది. “అక్కడికెళ్లాక మార్చేస్తారు” అని ఊళ్లో సబ్ ఏజెంటు నమ్మబలుకుతాడు. విజిట్, టూరిస్టు వీసాలను దేశంలో ఉండగానే పని వీసాగా మార్చుకునే వీలును ఒమన్ 2023 అక్టోబరు చివర్లో నిలిపేసింది. అయినా ఆ మాట ఊళ్లలో ఇంకా తిరుగుతూనే ఉంది.

కువైట్ వీసా అయితే కాగితం మీద ఆర్టికల్ నంబరు వెతకండి. 20 అంటే ఇంటిపని: ఖద్దామా (పనిమనిషి), వంటమనిషి, ఇంటి డ్రైవరు. 18 అంటే ప్రైవేటు కంపెనీ. షాపులో ఉద్యోగమని చెప్పి 20 చేతిలో పెట్టారంటే చెప్పింది అబద్ధమే. ‘ఆజాద్ వీసా’ అనేది ఏ చట్టంలోనూ లేదు. ఒక కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) పేరు మీద ఆకామా (అక్కడ ఉండేందుకు పర్మిట్) కొట్టించుకుని మరొకచోట పని చేయడానికి పెట్టుకున్న ముద్దుపేరు అది. పట్టుబడితే ఆకామా ఉన్నా పంపించేస్తారు.

ఇక మన వైపు కాగితం. పాస్‌పోర్టులో ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) అని ఉంటే, అంటే ఎక్కువగా పదో తరగతి పాస్ కానివాళ్లకు, 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ (వలసలు చూసే కేంద్ర అధికారి) క్లియరెన్స్ కావాలి. కువైట్, ఒమన్, ఖతార్, బహ్రెయిన్, సౌదీ, దుబాయ్ ఉన్న యూఏఈ అన్నీ అందులో ఉన్నాయి. ఈసీఆర్ మహిళకు 30 ఏళ్లు నిండకపోతే ఆ క్లియరెన్స్ ఇవ్వరు. ఇంటిపనికి వెళ్లే మహిళలను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని 2016లో కేంద్రం ఆంక్ష పెట్టింది. మన ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంస్థ ఓంక్యాప్. విజిట్ వీసా చేతిలో పెట్టి “ఎవరైనా అడిగితే చుట్టాల ఇంటికని చెప్పమ్మా” అనడం ఈ తనిఖీలన్నీ తప్పించుకోవడానికే.

తప్పించుకున్నాక పోయేవి ఇవి: కేంద్రం ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదైన కాంట్రాక్టు ఉండదు. ప్రమాదంలో చనిపోయినా శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలిచ్చే ప్రవాసీ భారతీయ బీమా ఉండదు. దాని ప్రీమియం రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలే. ఫలానా ఏజెంటు పంపాడన్న రికార్డు ఎక్కడా ఉండదు.

అపోహ: ఏజెంటు పైసా తీసుకోలేదు, పైగా ఎదురిచ్చాడు.

ఇది వినగానే మరింత జాగ్రత్తపడాలి. ఆ డబ్బు ఎవరి దగ్గర వసూలు చేశాడో ఆ కఫీల్ “నీకోసం ఇంత పోశాను, కట్టి వెళ్లు” అంటాడు. కువైట్ 2015 నాటి 68వ నంబరు చట్టం ప్రకారం ఇంటిపనివాళ్లకు వారానికో రోజు సెలవు ఉంది, పాస్‌పోర్టు యజమాని దాచుకోకూడదు. కనీస జీతం 60 దీనార్లు. ఈ సంగతి ఆమెకు తెలిసి ఉండాలి, ఫోన్ లాక్కోకముందే. మగవాళ్ల విషయానికొస్తే, లైసెన్సున్న ఏజెంటు తీసుకోగలిగేది 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. రసీదు ఇవ్వాలి. సబ్ ఏజెంటుకు చట్టంలో చోటే లేదు.

అపోహ: కల్లివెల్లి అయిపోతే, అంటే కఫీల్ దగ్గర్నుంచి పారిపోతే, బయట ఎక్కువ సంపాదించుకోవచ్చు.

కొడుతుంటే, తిండి పెట్టకపోతే, ఆ ఇంట్లో ఉండమని ఎవరూ చెప్పరు. బయటికొచ్చాక ఎక్కడికెళ్లారన్నదే ముఖ్యం. తెలిసినవాళ్ల గదికి వెళితే కఫీల్ పరారీ కేసు పెడతాడు, ఆకామా పోతుంది. నేరుగా ఎంబసీకి వెళితే ఆమె ఫిర్యాదు రికార్డులో ఉంటుంది. పాస్‌పోర్టు లేదని ఆగక్కర్లేదు. ఎంబసీ ఔట్‌పాస్ (ఇంటికి రావడానికి పాస్‌పోర్టుకు బదులు ఇచ్చే కాగితం) ఇస్తుంది. కాకపోతే ఔట్‌పాస్ చేతికొచ్చినా కేసులూ జరిమానాలూ తేలాకే ఎగ్జిట్, అంటే దేశం వదిలే అనుమతి, దొరుకుతుంది.

అపోహ: ఏజెంటు మీద కేసు పెట్టాలంటే ఢిల్లీ అనుమతి కావాలి.

స్టేషన్లో ఈ మాట విని ఎంతోమంది వెనక్కి వస్తారు, పాపం. 1983 ఎమిగ్రేషన్ చట్టం 27వ సెక్షన్‌లో కేంద్రం అనుమతి మాట ఉన్నది నిజమే. కానీ బాధితులు గానీ, వాళ్ల తరఫున తల్లి, తండ్రి, భర్త, భార్య, కొడుకు, కూతురు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు గానీ ఫిర్యాదు చేస్తే ఆ అనుమతి అక్కర్లేదని అదే సెక్షన్ చెబుతోంది. అందుకే ఫిర్యాదు కింద ఊరి పెద్ద సంతకమో సంఘం సంతకమో కాదు, కొడుకుదో కూతురిదో ఉండాలి. 26వ సెక్షన్ ప్రకారం ఇవి కాగ్నిజబుల్ నేరాలు, అంటే కోర్టు ఆదేశం లేకుండానే పోలీసులు కేసు కట్టగలిగేవి. మోసం 2024 జులై 1న గానీ ఆ తర్వాత గానీ జరిగితే కొత్త శిక్షా చట్టం బీఎన్ఎస్ 318వ సెక్షన్, అంతకుముందైతే పాత ఐపీసీ 420. తేదీ చూసుకోకుండా రాయకండి.

లాయరుకు డబ్బుల్లేవని ఆగిపోయే ఆడవాళ్లకు: ఆదాయంతో పని లేకుండా మీకు ఉచిత న్యాయ సహాయం హక్కు, 15100కి ఫోన్ చేయండి. శవాన్ని తెప్పించడానికి ఇల్లు తాకట్టు పెట్టే ముందు ఎంబసీ సంక్షేమ నిధి గురించి అడగండి.

ఇంటర్న్‌లకు ఒక పని. బాధితురాలి వాయిస్ మెసేజ్‌లు మీ ఫోన్‌కి ఫార్వర్డ్ చేయించుకుని ఊరుకోవద్దు. అవి వచ్చిన ఫోన్‌ను అమ్మొద్దని, రీసెట్ చేయొద్దని ఇంట్లోవాళ్లకు చెప్పండి. కోర్టులో భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద ఆ ఫోన్ రికార్డుకు సర్టిఫికెట్ అడుగుతారు. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నంబరు, కఫీల్ పేరు, సివిల్ ఐడీ (అక్కడి గుర్తింపు కార్డు) నంబరు, ఆమె చివరిసారి పంపిన లొకేషన్ ఫైలు మొదటి పేజీలో రాయండి. బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం మీరు ఏకబిగిన ఉండగలిగేది నాలుగు వారాలే. తర్వాత వచ్చేవాళ్లు ఆ పేజీ చూసే ఎంబసీకి ఫోన్ చేయాలి.