పాతిక పేర్ల జాబితాలో కుర్రాడి చోటు

1981లో ఆస్టన్ విల్లా క్లబ్ ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్ గెలిచింది. 42 మ్యాచ్‌ల ఆ సీజన్ మొత్తానికి ఆ జట్టు మైదానంలోకి దింపింది 14 మందినే. వాళ్లలో ఏడుగురు ఒక్క మ్యాచ్ కూడా వదల్లేదు. ఇవాళ అదే దేశపు ప్రీమియర్ లీగ్‌లో ఒక జట్టు ఒక్క మ్యాచ్‌లోనే 16 మందిని ఆడించవచ్చు. జట్టులో ఎంతమందిని ఉంచుకోవాలి, ఎవరిని కొనాలి, అకాడమీలో, అంటే క్లబ్ సొంత శిక్షణ కేంద్రంలో, పెరిగిన కుర్రాడికి ఎప్పుడు అవకాశం ఇవ్వాలి అనే వాదన వచ్చినప్పుడల్లా అభిమానులు కోచ్ ధైర్యం గురించే మాట్లాడతారు. కోచ్ చేతిలో ఉన్నది కొంతే. మిగతాదంతా నిబంధనలు, కోర్టు తీర్పులు, ఖాతా పుస్తకాలు కలిసి తేల్చేశాయి.

ముందు సబ్‌స్టిట్యూట్ల సంగతి. ఇంగ్లిష్ లీగ్‌లో 1965 దాకా ఆ వెసులుబాటే లేదు. ఆటగాడు గాయపడితే పది మందితోనే నెట్టుకురావాలి. ఆ ఏడాది ఒక్కరిని, అదీ గాయమైతేనే అనుమతించారు. 1970 ప్రపంచకప్‌లో ఇద్దరిని, 1995 నుంచి ముగ్గురిని మార్చుకోనిచ్చారు. కోవిడ్ కాలంలో తాత్కాలికంగా తెచ్చిన ఐదుగురి నిబంధన 2022లో శాశ్వతమైంది. బెంచ్‌కు విలువ పెరిగేకొద్దీ దాన్ని పేరున్న ఆటగాళ్లతో నింపాలన్న కోరికా పెరిగింది.

అసలు మలుపు 1995 డిసెంబర్ 15న వచ్చింది. బెల్జియం ఆటగాడు జాన్ మార్క్ బోస్మన్‌కు అదే దేశపు ఆర్‌ఎఫ్‌సీ లియేజ్ క్లబ్‌తో ఒప్పందం 1990లోనే ముగిసింది. అయినా కొత్త క్లబ్ తనకు చెల్లించాల్సిన బదిలీ రుసుము తేలనిదే ఫ్రాన్స్‌లోని డంకర్క్ క్లబ్‌కు పంపబోమని లియేజ్ పట్టుబట్టింది. యూరోపియన్ న్యాయస్థానం అతని పక్షాన నిలిచింది. ఒప్పందం ముగిసిన ఆటగాడు ఐరోపా సమాఖ్యలో పైసా రుసుము లేకుండా మరో దేశపు క్లబ్‌కు వెళ్లవచ్చని చెప్పింది. జట్టులో సమాఖ్య దేశాల పౌరుల సంఖ్యకు ఉన్న పరిమితినీ కొట్టేసింది.

ఆటగాళ్లకు ఇది న్యాయమే, అందులో నాకు సందేహం లేదు. దెబ్బ పడింది మాత్రం కుర్రాళ్లను తయారుచేసే క్లబ్‌లకు. ఆ ఏడాది మే నెలలోనే నెదర్లాండ్స్ క్లబ్ అయాక్స్ వియన్నాలో ఇటలీ క్లబ్ మిలాన్‌ను 1-0తో ఓడించి, ఐరోపా క్లబ్‌ల అతిపెద్ద పోటీ చాంపియన్స్ లీగ్ గెలిచింది. గోల్ కొట్టిన పాట్రిక్ క్లూయివర్ట్‌కు అప్పుడు 18 ఏళ్లు, అతను అయాక్స్ అకాడమీలోనే పెరిగినవాడు. రెండేళ్లు తిరిగేసరికి డేవిడ్స్, రైజిగర్, క్లూయివర్ట్ ముగ్గురూ ఆ మిలాన్‌కే రుసుము లేకుండా వెళ్లిపోయారు. ఏళ్ల తరబడి పెంచిన అయాక్స్‌కు దక్కింది శూన్యం.

అదే 1995లో మాంచెస్టర్ యునైటెడ్ ఇన్స్, హ్యూస్, కాంచెల్స్‌కిస్‌లను అమ్మేసి బెకమ్, స్కోల్స్, బట్, నెవిల్ సోదరులను నమ్ముకుంది. తొలి మ్యాచ్‌లో ఓడితే, పిల్లలతో ఏమీ గెలవలేరని టీవీలో వ్యాఖ్యాత అలన్ హాన్సెన్ తేల్చేశాడు. ఆ పిల్లలే లీగ్, ఎఫ్‌ఏ కప్ రెండూ తెచ్చారు. ఈ కథ చెప్పేవాళ్లు ఎక్కువగా వదిలేసే విషయం ఒకటుంది. ఆ కుర్రాళ్ల పక్కన ష్మైకెల్, బ్రూస్, పాలిస్టర్, కీన్, కాంటోనా ఉన్నారు. వాళ్లందరూ వేరే క్లబ్‌ల నుంచి కొని తెచ్చుకున్నవాళ్లే. అనుభవజ్ఞులు కాచుకున్న జట్టులోకి దింపారు కాబట్టే కుర్రాళ్లు తప్పులు చేస్తూ నేర్చుకోగలిగారు.

బోస్మన్ తీర్పు తెచ్చిన నష్టాన్ని పూడ్చడానికి 2001లో ఫిఫా శిక్షణ పరిహారాన్ని, అంటే కుర్రాడిని తయారుచేసిన క్లబ్‌కు దక్కే సొమ్మును, తెచ్చింది. 2006-07 నుంచి ఐరోపా ఫుట్‌బాల్ సంస్థ యూఈఎఫ్ఏ తన పోటీల్లో 25 మంది జాబితాలో కొన్ని చోట్లను స్థానికంగా తయారైనవాళ్లకు కేటాయించింది. ఆ సంఖ్య 2008-09కి ఎనిమిదికి చేరింది. 2010లో ప్రీమియర్ లీగ్ కూడా తన పద్ధతిలో అదే బాట పట్టింది. 15 నుంచి 21 ఏళ్ల మధ్య మూడేళ్లు ఆ క్లబ్‌లోనో ఆ దేశంలోనో శిక్షణ పొందితే చాలు, ఆటగాడి పౌరసత్వంతో పనిలేదు. ఇక్కడే సందు దొరికింది. బార్సిలోనా అకాడమీలో పెరిగిన సెస్క్ ఫాబ్రెగాస్ 2003లో 16 ఏళ్లకే ఆర్సెనల్‌కు వచ్చాడు. తర్వాత ఈ నిబంధన కింద ఇంగ్లండ్‌లో తయారైనవాడిగా లెక్కకెక్కాడు. పెద్ద క్లబ్‌లు తయారీతోపాటు పిల్లల కొనుగోలుకూ దిగాయి.

చెల్సీ ఉదంతం దగ్గర కాస్త ఆగాలి. ఆ క్లబ్ అకాడమీ యువ ట్రోఫీలు వరసగా గెలిచేది, కానీ ఆ కుర్రాళ్లలో ఎక్కువమంది ఏటా ఏదో ఒక క్లబ్‌కు అరువు మీద, అంటే కొంతకాలం ఆడి తిరిగొచ్చేలా, వెళ్లేవారు. 2019లో ఫిఫా కొనుగోళ్లపై నిషేధం విధించాకే మౌంట్, అబ్రహామ్, టొమోరి, రీస్ జేమ్స్‌లకు తలుపు తెరుచుకుంది. జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. నిషేధం తొలగాక 2020 వేసవిలో 20 కోట్ల పౌండ్లకు పైగా ఖర్చుపెట్టారు. 2021లో పోర్టోలో చాంపియన్స్ లీగ్ ఫైనల్‌ను గెలిపించిన గోల్‌కు పాస్ ఇచ్చింది అకాడమీ కుర్రాడు మౌంట్, కొట్టింది కొత్తగా కొన్న హావెర్ట్జ్. కొనుగోలు, పెంపకం కలిస్తే ఎలా ఉంటుందో ఆ గోల్ చూపించింది. అదే ఏడాది అబ్రహామ్, టొమోరి ఇద్దరినీ ఇటలీ క్లబ్‌లకు అమ్మేశారు. 2023లో మౌంట్ కూడా మాంచెస్టర్ యునైటెడ్‌కు వెళ్లాడు.

ఇందులో ఖాతా పుస్తకం పాత్ర పెద్దది. కొన్న ఆటగాడి రుసుమును ఒప్పందం నడిచే ఏళ్లకు పంచి ఖర్చు రాస్తారు. అకాడమీ కుర్రాడికి అలాంటి కొనుగోలు ధర ఏదీ ఉండదు కాబట్టి అతన్ని అమ్మితే వచ్చినదంతా లాభమే. నష్టాలకు పరిమితి పెట్టిన ఆర్థిక నిబంధనలు ఇలా క్లబ్ సొంత బిడ్డనే ముందు అమ్ముకునేలా చేశాయి. క్లబ్‌లను అదుపులో పెట్టాలని రాసిన నియమం నుంచి ఇలాంటి ఫలితం రావడం నాకు బాధగానే ఉంది.

2022 నుంచి ఫిఫా అంతర్జాతీయ అరువులకు హద్దు పెట్టి, 2024-25కి ఒక్కో క్లబ్‌కు ఇచ్చేవి ఆరు, తీసుకునేవి ఆరుగా కుదించింది. క్లబ్ స్వయంగా తయారుచేసిన 21 ఏళ్లలోపు వాళ్లకు మినహాయింపు ఇచ్చింది. 2023 డిసెంబర్‌లో బెల్జియం క్లబ్ రాయల్ ఆంట్వెర్ప్ కేసులో యూరోపియన్ న్యాయస్థానం స్థానిక శిక్షణ నిబంధనలు సమాఖ్య చట్టానికి విరుద్ధం కావచ్చని చెప్పింది. శిక్షణను ప్రోత్సహించడానికి అవి నిజంగా అవసరమా అన్నది తేల్చే పనిని బెల్జియం కోర్టుకు వదిలింది.

ఈ నిబంధనలన్నీ జాబితాలో పేర్లను లెక్కిస్తాయి, మైదానంలో నిమిషాలను లెక్కించవు. ఎనిమిది చోట్లు కేటాయించిన జట్టు ఆ ఎనిమిది మందినీ సీజనంతా బెంచ్ మీద కూర్చోబెట్టినా తప్పు పట్టేవారు లేరు. మెక్సికో లీగ్ చిన్న వయసు ఆటగాళ్లకు కనీస నిమిషాలు నిర్దేశించే పద్ధతిని పాటించింది. ఇటలీ మూడో అంచె లీగ్‌లో కుర్రాళ్లు ఆడిన నిమిషాలను బట్టి క్లబ్‌లకు డబ్బు పంచుతారు. వయసు పరిమితి దాటగానే కుర్రాడిని పక్కన పెట్టేసే ప్రమాదం అక్కడా ఉంది. అయినా కోర్టులో వాదన జాబితాల చుట్టూ తిరుగుతున్నంత కాలం, యూఈఎఫ్ఏ ముందుగా పరిశీలించాల్సింది ఈ రెండు లీగ్‌ల అనుభవాన్నే.