అరవై రోజుల పేచీ వెనక 1972 కరువు

సోయా కోతలప్పుడు, పత్తి ఏరే రోజుల్లో ఉపాధి పనులు ఆపాలా వద్దా? పాత పేచీయే, ఇప్పుడు చట్టం రూపంలో తిరిగొచ్చింది. ఉపాధి హామీ చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన ‘వీబీ జీ రామ్ జీ’ చట్టం పని రోజులను వంద నుంచి 125కు పెంచింది. దాంతోపాటే విత్తనాలు, కోతలు ముమ్మరంగా సాగే కాలంలో మొత్తం 60 రోజులు పనులు పెట్టకూడదని కూడా చెప్పింది. మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా బిలోలి, దెగ్లూర్, ధర్మాబాద్, కిన్వట్ వైపు కైకిలికి పోయే తెలుగు కుటుంబాలకు పెరిగిన పాతిక రోజుల కన్నా ఈ అరవై రోజుల మీదే టెన్షన్.

నిజాం కాలపు వెట్టి, 1956లో ఈ జిల్లా హైదరాబాద్ రాష్ట్రం నుంచి విడిపోవడం అందరికీ తెలిసిన సంగతులే. నేటి గొడవ అర్థం కావాలంటే 1972-73 కరువు దగ్గర ఆగాలి.

అప్పటిదాకా సేద్యపు పని నడిచింది జీతగాళ్లతో. ఇక్కడ ఉగాది, గుడి పాడ్వా ఒకే రోజు. ఏడాది జీతం మాట్లాడుకునేదీ ఆ రోజే. పెళ్లికో రోగానికో చేబదులు తీసుకున్నవాడు మరుసటి ఉగాదికీ అదే గడపలో ఉండేవాడు. ఒక్కో ఆసామి దగ్గర ఒకరిద్దరు, ఎవరి చేలో వాళ్లు. సంఘం కట్టాలన్నా నలుగురూ కలిసే చోటేది? ఉత్తర మహారాష్ట్రలోని శహాదాలో భిల్లు ఆదివాసులు అంబర్‌సింగ్ సురత్‌వంతీ వంటి నాయకులతో కలిసి 1972లో శ్రమిక్ సంఘటన పెట్టుకుని సాల్దార్ల (ఏడాది జీతగాళ్ల) కూలి కోసం నిలబడ్డారు. శహాదా నాందేడ్‌కు చాలా దూరం. ఇక్కడ జనాన్ని ఒకచోట చేర్చే ఆ పని కరువే చేసింది.

వానలు ఎగ్గొట్టాక ప్రభుత్వం రాళ్లు కొట్టే కేంద్రాలు, రోడ్లు, చెరువు పనులు తెరిచింది. 1973 ఎండాకాలానికి రాష్ట్రమంతటా దాదాపు 50 లక్షల మంది ఆ పనుల్లో ఉన్నారు. రేషన్‌లో ఎర్ర మైలో జొన్నలు, పిల్లలకు సుకడీ అనే పోషకాహారం. రోజంతా కొట్టిన కంకర కుప్పను కొలిచి దాన్నిబట్టి కూలి కట్టేవారు. కొలత తక్కువ వేశారని, వారం దాటినా డబ్బు రాలేదని గొడవ మొదలైతే ఒక్కరితో పోయేది కాదు. పక్క కుప్ప మీద ఉన్నవాళ్లూ లేచేవారు. పది ఊళ్ల కూలీలు, అందులోనూ ఆడవాళ్లు, ఒకే మస్టర్‌లో (హాజరు పట్టీలో) ఉండటం ఎప్పుడూ లేని సంగతి. లాల్ నిశాన్ వంటి వామపక్షాలు ఆ జనంతోనే మోర్చాలు తీశాయి. కరువు పోయినా పని పోకూడదన్నది వాళ్ల డిమాండ్.

రాష్ట్ర విధాన పరిషత్ అధ్యక్షుడు వి.ఎస్. పాగే 1965లోనే సాంగ్లీ జిల్లా తాస్‌గావ్ తాలూకాలో ఇలాంటి పథకాన్ని ప్రయోగాత్మకంగా నడిపించారు. కరువు తర్వాత అది రాష్ట్రమంతటా పాకి, 1977లో చట్టమై, 1979 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. ఖర్చుకు పట్నం ఉద్యోగుల వృత్తి పన్ను. అడిగిన 15 రోజుల్లో పని, లేకపోతే భృతి; ఆ భృతి రోజుకు కనీసం ఒక రూపాయి. నవ్వొచ్చే మొత్తమే. అయినా ‘నీ చేను కాకపోతే రోహయో (రోజ్‌గార్ హమీ యోజన) పని’ అనే వీలు కూలివాడికి దొరికింది. ఆసామితో బేరమాడే బలం వచ్చింది అక్కడే.

ఆ బలాన్ని తగ్గించడానికి చట్టం మార్చనక్కర్లేదని 1988లో తేలింది. రాష్ట్రం వ్యవసాయ కనీస కూలిని రెట్టింపు చేసింది, రోహయో కూలి కూడా దాంతోపాటే పెరిగింది. ఆ తర్వాత పనుల్లో జనం బాగా పలచబడ్డారు. కూలి పెరిగితే జనం తగ్గడమేమిటి? కొత్త పనులు తెరవడం తగ్గింది, అంతే.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో దేశవ్యాప్త పథకం మొదలైనప్పుడు తొలి విడత జిల్లాల్లో నాందేడ్ కూడా ఉంది. అయిదారేళ్లకే ‘సీజన్‌లో ఆపండి’ అన్న మాట ఢిల్లీ చేరింది. 2011లో అప్పటి కేంద్ర వ్యవసాయ మంత్రి శరద్ పవార్ మూడు నెలలు ఆపాలని ప్రధానిని కోరారు. అప్పుడు కుదరలేదు.

రైతుల బాధ అబద్ధం కాదు. పత్తి పగిలాక వాన పడితే నష్టం, చేతికొచ్చిన సోయాకూ అంతే. మనుషులు దొరకరు, ధర పలకదు. చిన్న రైతుకు ఇది మరీ కష్టం. కానీ పత్తి ఏరేది కిలో లెక్కన, సోయా కోసేది ఎకరం గుత్తకు. చెయ్యి తిరిగినవాళ్లకు కోతల సుగ్గిలో గిట్టే డబ్బు మట్టిపనిలో రాదు. గిట్టితే చేనుకే పోతారు. గిట్టనప్పుడే జాబ్‌కార్డు తీస్తారు. కూలీ నాలుగు రూపాయలు ఎక్కువ అడగగలిగే రోజులు ఏడాదిలో ఇవే, ఆపమంటున్నదీ ఈ రోజుల్లోనే.

ఆ 60 రోజులు ఏవో రాష్ట్రాలే ప్రకటించాలి. జిల్లా, బ్లాకు, పంచాయతీ వారీగా వేర్వేరు తేదీలు పెట్టుకునే వీలుంది. సోయా కోత సెప్టెంబరు చివరి నుంచి. కిన్వట్ గుట్టల్లో పత్తి విడతలు విడతలుగా జనవరి దాకా ఏరతారు. ఊరి తేదీలు ఊళ్లోనే తేలే పక్షంలో, కూలికి పిలిచే ఆసామీ, పోయే కూలీ ఒకే గ్రామసభలో ఎదురుబొదురు కూర్చోవాల్సి ఉంటుంది.